పందుల బెడదకు ఏ తుపాకీ?

నల్లమల అంచు ఊళ్లలో పంట చేతికొచ్చే నెలల్లో ఇద్దరు రైతులు కలిస్తే మొదట ధర మాట, ఆ వెంటనే పందుల మాట. వెల్దుర్తి, బొల్లాపల్లి, పెద్దదోర్నాల, యర్రగొండపాలెం, అర్ధవీడు, రాచర్ల మండలాల్లో చాలాచోట్ల అడవికీ చేనుకీ మధ్య ఒక డొంకో, ఒక వాగో తప్ప అడ్డేమీ ఉండదు. రాత్రి దిగిన మంద తెల్లారేలోగా మొక్కజొన్నను పడగొడుతుంది, వేరుశనగను తవ్విపోస్తుంది, పొద్దు పొడిచేసరికి గుబురుగా పెరిగిన పత్తి చేలో చేరి పడుకుంటుంది. మిరపకాయ పందికి ఇష్టమైన తిండేమీ కాదు. అయినా వానపాముల కోసం, దుంపల కోసం మోరతో సాళ్లను పెళ్లగిస్తే మొక్కా మిగలదు, డ్రిప్పు పైపూ మిగలదు. ఎకరానికి లక్ష దాటి పెట్టుబడి పెట్టే పైరు ఒక్క రాత్రిలో అలా పోతే ఆ రైతుకు తుపాకీ గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఏ తుపాకీ? ఈ ప్రశ్నకు ఇప్పుడు రెండు జవాబులు వినిపిస్తున్నాయి. ఒకటి మన చట్టం ఇచ్చేది, రెండోది అమెరికా నుంచి వచ్చేది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అమెరికాలో బంధువు లేని ఊరు అరుదు. అక్కడి పొలాల్లో స్కోపు బిగించిన రైఫిల్‌తో నాలుగు వందల గజాల దూరం నుంచి జంతువును కొట్టే వీడియోలు ఇక్కడి కుర్రాళ్ల ఫోన్లలోకి వస్తున్నాయి. అలాంటి రైఫిల్ ఒకటి ఊరికి వస్తే చాలు, పందుల పీడ విరగడవుతుందన్న ఆశ దాంతోపాటే పుడుతోంది. చట్టం చూపేది పాతబడిన దారి. వీడియో చూపేది మన నేలకు సరిపడని దారి. రెంటినీ పరిశీలిస్తే మూడో దారి కనబడుతుంది.

ముందు అమెరికా సంగతి. పెన్సిల్వేనియా, ఒహాయో లాంటి రాష్ట్రాల్లో గ్రౌండ్‌హాగ్ అనే జంతువు ఉంది. ఉడుత కుటుంబానికి చెందినదే అయినా మూడు నుంచి ఆరు కిలోల దాకా తూగుతుంది. బొరియలు తవ్వుకుని ఉంటుంది. సోయా, అల్ఫాల్ఫా చేలను మేస్తుంది. బొరియల్లో పశువుల కాళ్లు విరుగుతాయనీ, ట్రాక్టర్ చక్రాలు దిగబడతాయనీ రైతుల గోడు. ఏటా ఫిబ్రవరి 2న పెన్సిల్వేనియాలోని పంక్సటానీ పట్టణంలో ఇదే జంతువును బయటికి తెచ్చి, దాని నీడను బట్టి చలికాలం ఎన్నాళ్లుంటుందో చెప్పించే వేడుక 1880ల నుంచి సాగుతోంది. వేసవి వచ్చిందంటే అదే రాష్ట్రంలో దాని వేట మొదలవుతుంది.

ఈ వేట అమెరికా రైఫిల్ పరిశ్రమనే ఒక మలుపు తిప్పింది. పచ్చిక బయల్లో బొరియ దగ్గర నిలబడ్డ గ్రౌండ్‌హాగ్ దగ్గరికి మనిషి పోతే క్షణంలో లోపలికి దూరుతుంది. కాబట్టి దూరం నుంచే కొట్టాలి. గురి చూడాల్సిన భాగం పిడికిలికి కాస్త పెద్దది. అందుకని చిన్న తూటా, పెద్ద వేగం అనే సూత్రం పుట్టింది. 1930లో పాయింట్ 22 హార్నెట్ అనే తూటా రకం వచ్చింది. 1935లో వించెస్టర్ కంపెనీ తెచ్చిన పాయింట్ 220 స్విఫ్ట్ తూటా సెకనుకు 1,200 మీటర్లు దాటి దూసుకుపోయి ఆనాటి వేటగాళ్లను నివ్వెరపరిచింది. 1950లో పాయింట్ 222 రెమింగ్టన్, 1955లో పాయింట్ 243 వించెస్టర్, ఔత్సాహికులు ఇళ్లలో తయారు చేసుకుంటూ వచ్చిన పాయింట్ 22-250కి 1965లో రెమింగ్టన్ కంపెనీ ముద్ర, 2004లో పాయింట్ 204 రూగర్... ఈ వరసలో చాలావాటిని పుట్టించింది, నిలబెట్టింది ఇలాంటి చిన్న జంతువుల వేటే.

వాటి లెక్క ఎంత సున్నితమో చూడాలి. పాయింట్ 22-250లో సాధారణంగా వాడే తూటా బరువు మూడున్నర గ్రాములు. సెకనుకు సుమారు 1,100 మీటర్ల వేగం. మంచి రైఫిల్ వంద మీటర్ల దూరంలో మూడు సెంటీమీటర్ల వలయంలో తూటాలన్నీ పెడుతుందనుకుంటే నాలుగు వందల మీటర్ల దగ్గర ఆ వలయం పన్నెండు సెంటీమీటర్లవుతుంది. గ్రౌండ్‌హాగ్‌కు అదే ఎక్కువ. అందుకే బరువైన లావుపాటి గొట్టం, మృదువైన ట్రిగ్గర్, ముందు భాగాన ఊతకర్ర, దూరాన్ని కొలిచే లేజర్ యంత్రం. ఇవన్నీ ఉన్నా అడ్డంగా ఓ మోస్తరు గాలి వీస్తే ఆ దూరంలో ఇంత తేలికైన తూటా జానెడు పైనే పక్కకు జరుగుతుంది. ఆ గాలిని గడ్డిపరకల కదలికలో చదవగలిగినవాడే అక్కడ వేటగాడు. తూటా మొన కూడా ప్రత్యేకం. పలుచటి రాగి తొడుగులో మెత్తటి సీసం ఉండే ఆ మొన జంతువును తాకినా, నేలను తాకినా ముక్కలైపోవాలి. ఎగిరి పక్క పొలంలోకి పోకూడదన్నది ఆ తయారీలోని ఒక ఉద్దేశం.

ఈ విద్యలో నైపుణ్యం ఉంది, శ్రద్ధ ఉంది. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ అది పట్టపగటి వేట. కదలకుండా కూర్చున్న చిన్న జంతువు మీద, మనుషులు లేని విశాలమైన పచ్చిక బయల్లో, చాలాచోట్ల వెనక గుట్ట అడ్డున్న నేలలో సాగే వేట. పల్నాడు చేలోకి దాన్ని తెస్తే ఈ నాలుగింటిలో ఒక్కటీ నిలవదు.

అడవిపంది రాత్రి జంతువు. ఒంటరిగా తిరిగే మగపంది క్వింటాలు దాటి తూగుతుంది. దాని భుజం మీద చర్మం కింద గట్టి పొర కవచంలా పెరుగుతుంది. తాకగానే ముక్కలయ్యే గ్రౌండ్‌హాగ్ తూటా ఆ కవచం మీద పగిలి పైపైన పెద్ద గాయం చేస్తుంది తప్ప గుండె దాకా పోతుందన్న నమ్మకం లేదు. గాయపడిన పంది పారిపోయేది పత్తి చేలోకే. తెల్లారి ఆ చేలోకి వంగి పత్తి తీయడానికి దిగేది ఆడకూలీలు. వేటగాడు చేసిన పొరపాటుకు నడుం దాకా పెరిగిన సాళ్ల మధ్య ఆ పందికి ఎదురుపడేది వాళ్లు.

అంతకంటే పెద్ద ప్రమాదం తగలని తూటాది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు, పల్నాడు, ప్రకాశం మిరప చేలల్లో రాత్రిపూట మనుషులుంటారు. ఆదోని, కోసిగి వైపు నుంచి వలస వచ్చిన కుటుంబాలు చేల గట్ల మీదే పట్టాలు కప్పుకుని గుడిసెలు వేసుకుంటాయి. కల్లాల్లో ఎండుతున్న కాయకు కాపలాగా రైతు మంచం వేసుకుని పడుకుంటాడు. పొద్దున కరెంటు వచ్చే వేళకు మోటారు వేయడానికి ఒకరు చీకట్లోనే బయల్దేరతారు. అన్నిటికన్నా చిన్నదైన పాయింట్ 22 రిమ్‌ఫైర్ తూటా కూడా కిలోమీటరున్నర దాకా పోగలదు. పాయింట్ 30-06 లాంటి పెద్ద రైఫిల్ తూటా నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. స్కోపులో కనబడేది పంది. దాని వెనక చీకట్లో ఏ గుడిసె ఉందో స్కోపు చెప్పదు.

కాస్త లెక్క వేసి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. నేల మీద నిలబడ్డ మనిషి భుజం ఎత్తు నుంచి, అంటే సుమారు మీటరున్నర నుంచి, మూడు వందల మీటర్ల దూరంలోని పంది ఛాతీకి గురిపెట్టాడనుకుందాం. తూటా దాదాపు నేలకు సమాంతరంగా పోతుంది. పంది తప్పుకుంటే దాని వెనక ఇంకా చాలా దూరం మోకాలి ఎత్తులో ప్రయాణించి, నేలను అతి తక్కువ కోణంలో తాకి మళ్లీ లేస్తుంది. గుంటూరు నల్లరేగడి వానాకాలంలో తూటాను మింగవచ్చు. వేసవిలో గట్టిపడ్డ నేల మింగదు. పలకల రాయికి పేరుపడ్డ మార్కాపురం చుట్టుపక్కల రాతి నేలల్లో తూటా ఎటు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. అదే మనిషి నాలుగు మీటర్ల ఎత్తు మంచె మీద కూర్చుని ముప్ఫై మీటర్ల దూరంలోని పందిని కొడితే? గురి తప్పినా తూటా పంది వెనక నాలుగైదు మీటర్లలోపే నేలలో దిగుతుంది. మైదానంలో గుట్ట లేని లోటును మంచె తీరుస్తుంది. జొన్న చేలో పిట్టల కాపలాకు తాతలు వేసుకున్న మంచె ఈ పనికి వేల రూపాయల స్కోపు కంటే విలువైనది.

పాతకాలపు వేటగాళ్లకు ఈ సంగతి అనుభవంలో తెలుసు. నల్లమలలో దిగువమెట్ట, గాజులపల్లి పరిసరాల్లో తిరిగిన కెనెత్ అండర్సన్ చేతిలో ఉండేది పాయింట్ 405 వించెస్టర్. దాని తూటా దాదాపు 19 గ్రాములు, వేగం గ్రౌండ్‌హాగ్ తూటాలో మూడింట రెండొంతులు కూడా ఉండదు. రాత్రిపూట చెట్టెక్కి, మాచాన్ మీద మౌనంగా కూర్చుని, జంతువు దగ్గరికొచ్చే దాకా ఆగి కొట్టే పద్ధతికి తగిన ఆయుధం అది. వేట నిషేధించి అర్ధశతాబ్దం దాటింది, ఆ కాలం మళ్లీ రానక్కర్లేదు. కానీ మన అడవి అంచున, రాత్రి, పెద్ద జంతువు మీద దగ్గరి దెబ్బే నమ్మదగినదని ఆ తరం తేల్చుకున్న సంగతి ఇప్పటికీ చెల్లుతుంది.

ఇక చట్టం చెప్పే జవాబు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట రక్షణను పేరుపెట్టి ప్రస్తావించింది. నిజంగా పంట కాపాడుకోవడానికే అయితే మందు దట్టించి పేల్చే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలంది. పల్లెల్లో బర్మార్ అనే రకం అది. గొట్టంలో మందు పోసి, గుడ్డ కూరి, గుళ్లు వేసి, మళ్లీ కూరాలి. ఒక్కసారి పేలితే రెండో గుండుకు నిమిషం పడుతుంది. మంచు పడితే మందు చెమ్మగిల్లి పేలనే పేలదు. గాయపడ్డ మగపంది ఎదురు తిరిగితే ఆ నిమిషం రైతుకు దొరకదు. మంద మీద ఒక్క దెబ్బ, అదీ తగిలితే తగిలినట్టు. పంట రక్షణకు ఇంతకంటే అధ్వానమైన ఆయుధం వెతికినా దొరకదు.

కానీ అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఎక్కువమంది రైతులకూ, కొందరు అధికారులకూ అది గుర్తుండదు. పరిస్థితులను బట్టి ఆ పాతరకం తుపాకీ సరిపోదని లైసెన్సు అధికారి భావిస్తే, గొట్టం పొడవు ఇరవై అంగుళాలకు తగ్గని మరో నున్నటి గొట్టపు తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చు. అంటే మనవాళ్లకు తెలిసిన పన్నెండు బోరు, సింగిల్ బ్యారెల్ గానీ డబుల్ బ్యారెల్ గానీ. పంట రక్షణకు రైఫిల్ ఊసు ఆ సెక్షన్‌లో లేదు. అరవై ఏళ్లకు పైగా కిందట రాసిన ఆ నిబంధనలో దూరం వెళ్లే తూటాను పొలానికి దూరంగా ఉంచాలన్న వివేకం ఉంది. దాన్ని సడలించమని అడగడం తప్పు. మినహాయింపును వాడమని అడగడం ఒప్పు.

పన్నెండు బోరులో ఏ తోటా అన్నది కూడా తేల్చుకోవాల్సిన విషయమే. కొక్కెరలకు, పావురాలకు వాడే సన్నగుళ్ల తోటాతో పందిని కొట్టడం దాన్ని హింసించడమే. చర్మంలో దిగి, చీము పట్టి, వారాల తరబడి అది తిరుగుతుంది. ఎల్జీ, ఎస్జీ అని పిలిచే పెద్దగుళ్ల తోటాలు దీనికి తగినవి. పాత బ్రిటిష్ కొలత ప్రకారం ఔన్సు సీసానికి ఎల్జీ ఆరు గుళ్లు, ఎస్జీ ఎనిమిది. ఒక్కో ఎల్జీ గుండు నాలుగున్నర గ్రాముల పైమాటే. పాతిక, ముప్ఫై మీటర్ల దాకా ఇవి గట్టిగా పనిచేస్తాయి. ఆపైన గుళ్లు విడిపోయి, బలం తగ్గి, గాయపరచడమే తప్ప చంపడం ఉండదు. తోటాకు ఒకే గుండు ఉండే రకం కూడా ఉంది. అది ఇంకాస్త దూరం గురి నిలుపుతుంది, అంతే దూరం ప్రమాదాన్నీ మోసుకుపోతుంది. మంచె మీద నుంచి కిందికి కొట్టేటప్పుడు తప్ప దాన్ని పొలంలో వాడకపోవడమే మేలు.

మరి మన ఆయుధ కర్మాగారాలు తయారుచేసే పాయింట్ 315 రైఫిల్ సంగతేమిటి? లైసెన్సున్న పౌరులు కొనుక్కోగల రైఫిళ్లలో దేశంలో బాగా వాడుకలో ఉన్నది అదే. తూటా దాదాపు 16 గ్రాములు, మెత్తటి మొన. పందికి చాలినంత దెబ్బ, అందులో సందేహం లేదు. గిద్దలూరు, కొమరోలు వైపు కొండవాలు అడ్డున్న చేలల్లో, శిక్షణ ఉన్న షూటర్ చేతిలో, అటవీ అధికారి పక్కన ఉండగా దానికి చోటుంది. నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు లాంటి బయలు నేలల్లో, చేను పక్క చేనుగా మనుషులున్న చోట దానికి చోటు లేదు. అక్కడ గ్రౌండ్‌హాగ్ తరహా వేగపు రైఫిల్‌కైతే అసలే లేదు.

ఇంటికో తుపాకీ అన్న మాట కూడా వినబడుతోంది. దాన్ని గట్టిగా తోసిపుచ్చాలి. 2024 మే 13 పోలింగ్ రోజునా, ఆ తర్వాతా మాచర్ల, నరసరావుపేట ప్రాంతాల్లో జరిగిన దాడులను రాష్ట్రం మరిచిపోలేదు. జిల్లా ఎస్పీని ఎన్నికల సంఘం సస్పెండ్ చేసేదాకా వెళ్లింది వ్యవహారం. ఎన్నికలొచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులను పోలీస్ స్టేషన్లో అప్పగించమని చెప్పాల్సిన నేలలో పందుల పేరు మీద ఊరూరా ఆయుధాలు పెంచడం తగదు. పైగా అది న్యాయమూ కాదు. లైసెన్సు దరఖాస్తులో పొలం వివరాలు చూపాలి. మిరపలో లక్షలు పెట్టి నష్టపోతున్నవాళ్లలో ఎంతోమంది కౌలు రైతులు. పట్టా యజమాని పేరున, నష్టం కౌలుదారు పేరున ఉండేచోట పట్టా ఉన్నవాడికే తుపాకీ దొరుకుతుంది. అతను చాలాసార్లు హైదరాబాద్‌లోనో, డల్లాస్‌లోనో ఉంటాడు.

డల్లాస్ మాట వచ్చింది కనుక టెక్సస్ సంగతి కూడా చెప్పుకోవాలి. అక్కడ ఊరపందుల నుంచి, తెచ్చి వదిలిన అడవిపందుల నుంచి పెరిగిన సంతతి పెద్ద బెడద. 2011లో హెలికాప్టర్ నుంచి కాల్చడానికి కూడా చట్టం చేశారు. 2019 సెప్టెంబరు నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. అయినా పందులు పోలేదు. ఏడాదికి రెండు ఈతలు ఈనగల జంతువును తుపాకీతో మాత్రమే అదుపు చేయలేమని అక్కడి అనుభవం. ఇక్కడైతే ఇంకో తేడా ఉంది. టెక్సస్‌లో పంది పరాయిది. నల్లమలలో అది అడవి సొంత బిడ్డ, పులికి ఆహారం. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది. దాని లోపల పందిని తగ్గిస్తే పులి పశువుల కోసం ఊళ్ల వైపు చూస్తుంది. కాల్పులు జరగాల్సింది చేలో, చేలోకి దిగిన మంద మీద మాత్రమే.

చట్టంలో దారి ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధిస్తుంది. 11వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్లో ఉంది. ఆ షెడ్యూల్లోని జంతువు మనిషి ప్రాణానికి గానీ, చేలో నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికి గానీ ప్రమాదంగా మారితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి, కారణాలు రాసి, ఫలానా ప్రాంతమని చెప్పి, వేటకు లిఖితపూర్వక అనుమతి ఇవ్వవచ్చు. కేరళ ఈ 11వ సెక్షన్‌నే ఆధారం చేసుకుంది. 2022 మేలో అక్కడి మంత్రివర్గం స్థానిక సంస్థల అధ్యక్షులకు ఆ అధికారం అప్పగించింది. లైసెన్సు తుపాకీ ఉన్నవారి జాబితా నుంచి షూటర్‌ను పిలవాలి. విషం, పేలుడు పదార్థం, కరెంటు వాడకూడదన్నది షరతు.

ఆ షరతు ఎంత అవసరమో ఒక విషాదం చెబుతుంది. 2020 మేలో పాలక్కాడ్ జిల్లాలో కడుపుతో ఉన్న ఏనుగు పందుల కోసం పెట్టిన పేలుడు పండును కొరికి, దవడ పగిలి, నదిలో నిలబడి ప్రాణం విడిచింది. దేశమంతా కంటతడి పెట్టింది. మన దగ్గర నాటు బాంబులు ఉన్నాయి. అంతకంటే ఎక్కువగా కరెంటు తీగలు ఉన్నాయి. మోటారు లైను నుంచో, స్తంభం మీద కొక్కెం వేసో చేను చుట్టూ బైండింగ్ వైరు లాగి కరెంటు వదులుతారు. పంది చస్తుంది. ఆవూ చస్తుంది. నీళ్లు పెట్టడానికి చీకట్లో వచ్చిన పక్క చేను రైతూ చస్తాడు. తీగ పెట్టిన రైతే మరచిపోయి కాలు పెట్టి పోయిన ఘటనలు జిల్లా పేజీల్లో పదేపదే వస్తూనే ఉన్నాయి. సోలార్ కంచె వేరు, ఇది వేరు. సోలార్ కంచెలో బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు క్షణంలో వెయ్యో వంతు సేపు తట్టి ఆగుతుంది, భయపెడుతుంది, చంపదు. లైను కరెంటు పట్టుకుని వదలదు. చట్టబద్ధమైన దారి మూసుకుపోయినచోట రైతు ఎంచుకున్న ఆయుధం ఈ తీగే. రైఫిలా, పన్నెండు బోరా అన్న చర్చ దీని ముందు పెట్టి చూస్తే గానీ అసలు బరువు తెలియదు.

తుపాకీ కంటే ముందు చేయాల్సినవి ఉన్నాయి. గట్ల మీద ఆముదం, కుసుమ వరసలు, వాసన పట్టించిన కొబ్బరి తాళ్లు, జంతువుల అరుపులు వినిపించే యంత్రాలు వంటివాటిని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏళ్లుగా సూచిస్తున్నారు. కొంతకాలం పనిచేస్తాయి, తర్వాత పంది అలవాటు పడుతుంది. మార్చి మార్చి వాడాలి. అవి కూడా చాలని మొండి మందలకే కాల్పులు.

కాల్చేవాళ్లెవరన్నది తుపాకీ ఎంపికంత ముఖ్యం. 2015 డిసెంబరులో బీహార్‌లో నీల్గాయినీ, అడవిపందినీ కొన్ని జిల్లాల్లో కేంద్రం హానికర జంతువులుగా ప్రకటించింది. మరుసటి జూన్‌లో మొకామా మైదానంలో నీల్గాయిలను కాల్చడానికి వెళ్లింది హైదరాబాద్ షూటర్లే. ఆ కాల్పులపై ఇద్దరు కేంద్ర మంత్రులు బహిరంగంగా వాదించుకున్నారు. 2018 నవంబరులో మహారాష్ట్ర పత్తి జిల్లా యవత్మాల్‌లో అవని అనే ఆడపులిని రాత్రివేళ కాల్చి చంపిన తీరుపై దేశవ్యాప్తంగా రభస జరిగింది. ఈ రెండు ఘటనలూ నేర్పేది ఒక్కటే. నియమాలు ముందే రాసి ఉండాలి, అమలు చేసేటప్పుడు అధికారి అక్కడే ఉండాలి, ప్రతి తోటాకూ లెక్క ఉండాలి. చచ్చిన పందిని అధికారుల ఎదుటే పూడ్చాలి. మాంసం ఊళ్లోకి వచ్చిందంటే పంట రక్షణ పేరు మీద మాంసం వ్యాపారం మొదలవుతుంది, ఆపైన దుప్పీ మిగలదు, కుందేలూ మిగలదు.

కాబట్టి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందున్న పని పెద్దదేమీ కాదు. అడవిపంది నష్టంపై దరఖాస్తును గ్రామ సచివాలయంలోనే తీసుకోవాలి, కౌలు రైతు సంతకానికీ అక్కడ విలువ ఉండాలి. వారంలోగా డివిజన్ అటవీ అధికారి అవుననో కాదనో రాతపూర్వకంగా చెప్పాలి. అనుమతి ఇస్తే జిల్లా ఎంపిక చేసిన షూటర్, పన్నెండు బోరు తుపాకీతో, పెద్దగుళ్ల తోటాలతో, మంచె మీద నుంచి, ముప్ఫై మీటర్లలోపు మాత్రమే కాల్చాలి. ఆ రాత్రి చుట్టుపక్కల చేలల్లో ఎవరూ ఉండకూడదని సాయంత్రమే దండోరా వేయించాలి. వలస కూలీల గుడిసెలకు ఆ కబురు తప్పకుండా చేరాలి. రైఫిల్ వాడకాన్ని కొండవాలు అడ్డున్న చేలకే పరిమితం చేయాలి. నల్లమల అంచు జిల్లాల కలెక్టర్లు, అటవీ అధికారులు వచ్చే ఖరీఫ్‌లో పత్తి గింజ నాటకముందే ఈ ఏర్పాటు పూర్తి చేయాలి. అప్పటిదాకా కరెంటు తీగ లాగిన రైతులు ఈ రాత్రే వాటిని తీసేయాలి.